ముందున్న ఒక్క చక్రం



నల్లచెరువులో బస్సు దిగి రోడ్డు పక్కన నిలబడితే మీకు మొదట కనిపించేది ఆటోల వరస. ముందర ఒక చక్రం, వెనక రెండు. తలుపుల్లేవు, కిటికీల్లేవు. పైన టాపు, ముందర ఒక అద్దం. పక్కలంతా బయలు. కదిరి వైపు పోయేవి కొన్ని. తనకల్లు వైపు పోయేవి కొన్ని. బస్సు పోని పల్లెలకూ తండాలకూ పోయేవి ఇంకొన్ని. ఆ వరసలో నా బండి కూడా ఒకటి. ఈ రోజు దాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

రోజూ ఎక్కే బండే కదా, చెప్పడానికి ఏముంది అనుకోకండి. ఎక్కి దిగడం వేరు, సొంతానికి పెట్టుకుని దాని మీద బతకడం వేరు. సొంతానికి పెట్టుకుంటే ఈ బండికి ఒక గుణం ఉందని తెలుస్తుంది. ఆ గుణమంతా ఒక్క చోట పుడుతుంది. ముందున్న ఆ ఒక్క చక్రం దగ్గర. ఈ బండి సుఖం అక్కడే ఉంది. ఈ బండి పేచీ కూడా అక్కడే ఉంది. ఈ మాట మనసులో పెట్టుకోండి. మాటిమాటికీ మనం అక్కడికే వస్తాం.

ముందు సుఖం సంగతి చెప్తాను.

కదిరి లక్ష్మీనరసింహస్వామి గుడికి పోయిన వాళ్ళకు తెలుసు. తేరు తిరిగే వీధులు వెడల్పే. వాటిని వదిలి లోపలి సందుల్లోకి పోతే మాత్రం ఎదురుగా ఒక స్కూటరు వచ్చినా ఇరుకే. అక్కడ కారును తిప్పాలంటే ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఒకరు దిగి చెయ్యి ఊపాలి. ఆటోకు ఆ అవస్థ లేదు. సుమారు ఆరు మీటర్ల వెడల్పు దొరికితే చాలు. హ్యాండిలు చివరిదాకా తిప్పండి, ఒకే చుట్టులో వచ్చిన దారి పడుతుంది. తిరిగేది ఒక్క చక్రమే కాబట్టి అంత సులువు.

ఈ సులువు ఈనాటిది కాదు. 1885లో జర్మనీలో కార్ల్ బెంజ్ చేసిన మోటారు బండికి కూడా మూడే చక్రాలు. ముందర ఒకటి, వెనక రెండు. దానికి టాపు కూడా లేదు. 1886 జనవరి 29న ఆయన దానికి పేటెంటు అర్జీ పెట్టాడు. మూడు చక్రాలే ఎందుకు పెట్టాడు? ముందర రెండు చక్రాలుంటే, మలుపులో లోపలి చక్రం ఎక్కువ మళ్ళాలి, బయటి చక్రం తక్కువ మళ్ళాలి. ఆ ఏర్పాటు ఆయనకు అప్పటికి తృప్తిగా కుదరలేదు. ఒక్క చక్రం పెడితే ఆ తంటా లేదు.

1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఆ రకం బండిలోనే పుట్టింటికి బయలుదేరింది. ఇద్దరు కొడుకులను వెంట పెట్టుకుంది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్ల పై చిలుకు దారి. ఇంధనం తక్కువైతే దారిలో మందుల అంగట్లో కొనుక్కుంది. గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచి బాగు చేసుకుంది. మిట్ట ఎక్కలేని చోట బండిని తోసుకున్నారు. మోటారు బండి చేసిన మొదటి దూర ప్రయాణం అదే. చేసింది ఒక తల్లి. చేయించింది పక్కలు తెరిచి ఉన్న మూడు చక్రాల బండి. ఆటోను ఎవరైనా చిన్నచూపు చూస్తే మా స్టాండులో నేను ఈ కథ చెప్తాను.

మన ఆటో వంశం ఇటలీది. అక్కడ పియాజియో కంపెనీ 1946లో వెస్పా స్కూటరు తెచ్చింది. 1948లో ఆ స్కూటరుకే వెనక రెండు చక్రాలూ ఒక తొట్టీ కట్టి సరుకుల బండి చేసింది. మన దేశంలో బజాజ్ వాళ్ళకు 1959లో రెండు చక్రాల, మూడు చక్రాల బండ్లు తయారు చేసుకునే లైసెన్సు వచ్చింది. అందుకే ఇప్పటికీ మన ఆటోకు కారులాంటి స్టీరింగు ఉండదు. స్కూటరు హ్యాండిలే ఉంటుంది. ఎడమ చేతి పిడిలో క్లచ్చూ గేరూ, కుడి చేతిలో యాక్సిలరేటరు. బ్రేకు మాత్రం కాలికి.

ఇక రెండో సుఖం. పక్కలు బయలుగా ఉండడం.

మన అనంతపురం సీమలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే. తలుపుల్లేని బండికి ఇంతకంటే అనువైన చోటు ఎక్కడుంది? ఏడాదిలో ఎక్కువ రోజులు మనకు వాన పరదా విప్పే పనే పడదు. చెనిక్కాయ పీకే కాలంలో సాయంత్రం పూట బండి తోలితే చేలల్లోంచి పచ్చి మన్ను వాసన వస్తుంది. కదిరిలో మల్లెపూల బుట్టలు వేసుకుని వస్తుంటే బండి పోయిన దారంతా ఆ వాసనే. బుట్టలు దించేసినా సీటుకు ఆ వాసన కొంచెంసేపు అంటుకునే ఉంటుంది. చెరువు కట్ట పక్కన పోతుంటే చల్లగాలి నేరుగా ఒంటికి తగులుతుంది. దీనికి మీట నొక్కాల్సిన పని లేదు. డీజిలు అదనంగా కాలదు.

ఇంకో సంగతి. ఈ బండిలో కూర్చున్న మనిషి ఊరి నుంచి వేరు కాడు. దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే బండి కొంచెం నెమ్మదిస్తాం. "అక్కా, పాపకు కాన్పయిందా?" అని లోపలివాళ్ళు అడుగుతారు. "నిన్ననే అయింది, మొగబిడ్డ" అని బయటివాళ్ళు చెప్తారు. అంతే, బండి పోతుంది. ఆ కబురు తనకల్లు దాకా పోతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ మంచి మంచి కార్లు తయారై దేశమంతా పోతున్నాయి. మన జిల్లాకు అది గొప్పే. అయినా అద్దాలు ఎత్తిన కారులో ఇట్లాంటి మాట సాగదు.

తిమ్మమ్మ మర్రిమాను చూడడానికి వచ్చే వాళ్ళను అప్పుడప్పుడు తీసుకుపోతుంటాను. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన మాను అది. ఐదెకరాల దగ్గర దగ్గర పరుచుకుని ఉంటుంది. బండి దానికి దగ్గరవుతుంటే ఎండ తగ్గి నీడ వస్తుంది, గాలి మారుతుంది. ఆటోలో ఉన్నవాళ్ళకు అది చర్మానికే తెలుస్తుంది. ఇంకా దిగకముందే పిల్లలు ఊడల కోసం చేతులు చాస్తారు. వద్దు నాయనా, చేతులు లోపల పెట్టుకోండి అని నేను అరుస్తాను.

బయలుగా ఉంటే కష్టాలు లేవా? ఉన్నాయి. ఆషాఢంలో గాలి లేస్తే దుమ్మంతా మన మొహం మీదే. ఖాళీ ఆటో బరువు 350 కిలోల చుట్టుపక్కలే. అడ్డగాలి కొడితే ఆ బరువు చాలదు. హ్యాండిలు గట్టిగా పట్టుకుని నిదానంగా పోవాల్సిందే. వాన వచ్చిందంటే రెక్సిను పరదా దించి కట్టుకోవాలి. ఎంత కట్టినా అంచున కూర్చున్న మనిషికి ఒక మోకాలు తడుస్తుంది. వెనక సీటు కింద ఇంజను ఉన్న బండ్లలో ఎండాకాలం సీటు వేడెక్కుతుంది. ఇవి నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. కొనే ముందు తెలుసుకోవాల్సినవి కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఆ ముందు చక్రం దగ్గరికి వద్దాం. దాని పేచీలు చూద్దాం.

కారు రోడ్డు మీద పోతే రెండు జాడలు పడతాయి. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే నడుస్తాయి. గుంత కనిపిస్తే దాన్ని రెండు చక్రాల నడుమ పెట్టి దాటించవచ్చు. ఆటోకు జాడలు మూడు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, సరిగ్గా నడుమ ఇంకొకటి. గుంతను నడుమ పెడితే ముందు చక్రం దాంట్లోనే దిగుతుంది. ముందు చక్రాన్ని తప్పిస్తే వెనక చక్రాల్లో ఒకటి దొరుకుతుంది. చక్రాలు కూడా చిన్నవి, రిమ్ము ఎనిమిది అంగుళాలే. చిన్న గుంత కూడా పెద్దగానే తెలుస్తుంది. మట్టి దారిలో ట్రాక్టరు పోయి పోయి రెండు గాళ్ళు పడి, నడుమ గడ్డి పెరిగి ఉంటుంది కదా. కారు ఆ రెండు గాళ్ళలో హాయిగా పోతుంది. ఆటో ముందు చక్రం ఆ గడ్డి మిట్ట మీద పోవాలి. గడ్డిలో రాయి ఉందేమో చూసుకోవాలి.

దీనికి డ్రైవర్లు నేర్చుకునే ఉపాయం ఒకటుంది. గుంతను నడుమ జాడకూ ఒక పక్క జాడకూ మధ్యన పట్టాలి. అక్కడ మూరెడు ఖాళీ ఉంటుంది. చిన్న గుంతలన్నీ ఆ మూరెడులో దాటిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాడికి కొన్నాళ్ళు పడుతుంది. చెయ్యి అలవాటు పడ్డాక ఇక కళ్ళు వెతకవు, బండి దానంతట అదే పక్కకు జరుగుతుంది.

గుంతతో నడుము నొప్పే పుడుతుంది. మలుపుతో ప్రాణం మీదికి వస్తుంది. ఈ రోజు నేను చెప్పాలని వచ్చిన అసలు మాట ఇదే. కొంచెం శ్రద్ధగా వినండి. ఆటో నడిపేవాళ్ళూ వినండి, ఎక్కేవాళ్ళూ వినండి.

ముక్కాలి పీట మీకు తెలుసు. ఎగుడుదిగుడు నేల మీద వేసినా అది కిటకిటలాడదు. మూడు కాళ్ళూ నేలకు ఆనుకునే ఉంటాయి. నాలుగు కాళ్ళ పీటయితే ఒక కాలు గాల్లో లేస్తుంది. ఆటో కూడా అంతే. నిదానంగా పోతే ఎట్లాంటి చేని గట్టు మీదయినా మూడు చక్రాలూ నేలను పట్టుకునే ఉంటాయి. కానీ అదే ముక్కాలి పీట మీద కూర్చుని, రెండు కాళ్ళ మధ్యన ఉన్న ఖాళీ వైపు ఒరిగి చూడండి. ఠక్కున పడేస్తుంది.

ఇప్పుడు మనసులో ఒక తాడు తీసుకోండి. ఆటో ముందు చక్రం నుంచి ఎడమ వెనక చక్రానికి నేల మీద లాగండి. ఇంకో తాడు కుడి వెనక చక్రానికి లాగండి. వెనక రెండు చక్రాలనూ ఇంకో తాడుతో కలపండి. మూడు మూలల గీత ఒకటి వచ్చింది కదా. వెనక వెడల్పు, ముందర సన్నం. బండి బరువంతా కలిసి ఈ గీత లోపల నిలిచినంత సేపు బండి నిలబడుతుంది. గీత దాటితే పడుతుంది. ఇంతే లెక్క.

మలుపులో ఏమవుతుంది? బరువు బయటి పక్కకు జరుగుతుంది. వేగం రెండింతలయితే ఆ పక్కకు నెట్టే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. ఇరవైలో తిరిగిన మలుపు నలభైలో తిరిగితే నాలుగింతలు నెడుతుంది. సరిగ్గా అప్పుడే భయపడి బ్రేకు తొక్కామనుకోండి. బరువు ముందుకు కూడా ఉరుకుతుంది. ముందర గీత సన్నం. పక్కకు నెట్టు ఒకటి, ముందుకు ఉరుకు ఒకటి. రెండూ కలిసి బరువును ఆ సన్నటి చోట గీత దాటిస్తాయి. లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది.

అందుకే చెప్పేది. బ్రేకు మలుపు రాకముందే తొక్కండి. మలుపులో తొక్కకండి. మలుపు ముందు నెమ్మదించి, అదే నిదానంతో తిరిగి, దారి తిన్నగా అయ్యాక వేగం పెంచండి. మళ్ళీ చెప్తున్నాను. ముందే నెమ్మది. మలుపులో బ్రేకు వద్దు.

చక్రం అంత సులువుగా లేస్తుందా అని అనుమానం రావచ్చు. 2011లో ముంబైలో ఒక చెన్నై ఆటో డ్రైవరు ఒక పక్క చక్రం కావాలని లేపి, మిగిలిన రెండు చక్రాల మీదే రెండు కిలోమీటర్లకు పైగా నడిపి గిన్నిస్ రికార్డు కొట్టాడు. అది సాధన చేసి, ఖాళీ చోట చేసిన పని. మీరు దాన్ని చూసి నేర్చుకోవాల్సింది ఒకటే. ఈ బండికి ఒక చక్రం లేవడం పెద్ద పని కాదు.

ఇదే తాడు లెక్కతో ఇంకొకటి తెలుస్తుంది. మన పల్లెల్లో డ్రైవరుకు అటు ఒకరు ఇటు ఒకరు కూర్చోవడం మామూలైపోయింది. డ్రైవరు సీటు దగ్గర ఆ గీత వెడల్పు వెనక చక్రాల మధ్య ఉన్న వెడల్పులో సగం కూడా ఉండదు. డ్రైవరు ఒక్కడే దాంట్లో పడతాడు. పక్కన అంచు మీద కూర్చున్నాయన గీతకు బయట ఉన్నట్టే. ఆయన బరువు బండిని నిలబెట్టడానికి పనికిరాదు, పడేయడానికే పనికొస్తుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే వాళ్ళ బరువు వెడల్పైన చోట, ఇరుసు దగ్గర పడుతుంది. బండి ఇంకా గట్టిగా నేలను పట్టుకుంటుంది. చిన్న ఆటోకు డ్రైవరు కాక ముగ్గురే అని పర్మిటులో రాయడంలో న్యాయం ఇదే.

"అన్నా, ఇంకొక్కరే కదా, నీ పక్కన సర్దుకుంటాడు" అని అడిగేవాళ్ళు చాలామంది. పనికి పొద్దుపోతోందని కూలికి పోయే అక్కలు కూడా అడుగుతారు. వాళ్ళ తొందర నాకు తెలుసు. డ్రైవరుకు ఆ ఇంకొక్కరి చార్జీ అవసరమని కూడా నాకు తెలుసు. అయినా ముందు సీటు ఇవ్వకూడదు. తాడు గీత గుర్తుంటే ఇవ్వాలనిపించదు.

దేశదేశాల్లో సరదాకు ఇట్లాంటి బండ్లు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఇంగ్లండులో మోర్గాన్ కంపెనీ 1910ల నుంచి మూడు చక్రాల బయలు బండ్లు చేసింది. 1950ల మొదట్లో ఆపేసి, 2011లో మళ్ళీ మొదలుపెట్టింది. అమెరికాలో పొలారిస్ కంపెనీ 2014లో స్లింగ్‌షాట్ అనే బండి తెచ్చింది. దానికీ తలుపుల్లేవు. ఈ రెండిటికీ ముందర రెండు చక్రాలు, వెనక ఒక్కటి. మన తాడు గీతను తిరగేసి వేసినట్టు. మలుపులో బ్రేకు తొక్కితే బరువు ముందుకు ఉరుకుతుంది కదా, అక్కడ వెడల్పు కాచుకుని ఉంటుంది. అందుకని అవి వేగంగా మలుపులు తిరగగలవు.

మరి మన ఆటోను ఎందుకు అట్లా చేయలేదు? ఆ బండ్లు ఒకరిద్దరు కూర్చుని షికారు పోవడానికి. మన బండి మోయడానికి. వెనక ముగ్గురు మనుషులు పక్కపక్కన కూర్చోవాలి. సరుకుల ఆటో అయితే మదనపల్లె మార్కెట్టుకు టమోటా పెట్టెలు, ధర్మవరంలో పట్టుచీరల మూటలు, హిందూపురం మార్కెట్టులో చింతపండు బస్తాలు మోయాలి. బరువు వెనక పడే బండికి వెనక రెండు చక్రాలే సరి. ఇరుకు సందులో తిరగాలంటే ముందర ఒక్కటే సరి. నా ఉద్దేశంలో మన పనికి మన బండి అమరికే సరైంది. వేగం ఒక్కటే దానికి పడదు.

సరుకు వేసేవాళ్ళకు కూడా అదే లెక్క. బరువైనవి అడుగున వేయండి. వెనక ఇరుసు మీద పడేట్టు వేయండి. టమోటా పెట్టెలు టాపు దాకా పేర్చకండి. బరువు ఎంత ఎత్తుకు పోతే మలుపులో అంత తొందరగా గీత దాటుతుంది. అట్లాగని బరువంతా తోకకు వేలాడేట్టు కూడా వేయకూడదు. బరువు ఇరుసు వెనక్కు పోతే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిలు మాట వినదు. మిట్ట ఎక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఎక్కేవాళ్ళు కూడా ఒక సాయం చేయవచ్చు. మలుపు వస్తుంటే అంచు మీద నుంచి కొంచెం లోపలికి జరగండి. గట్టు ఎక్కే చోట డ్రైవరు ఇద్దరిని దిగమంటే విసుక్కోకండి.

సొంత బండికి ఖర్చులూ ఉంటాయి. ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ పత్రం, పర్మిటు, ఫైనాన్సు వాయిదా. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. మెయిన్ రోడ్డు మీద మాకు గిరాకీ తగ్గింది. ఆడవాళ్ళకు మేలు జరిగిందని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సొంత ఆటో నడుపుకునేవాళ్ళకు ఏటా 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. దాంతో ఇన్సూరెన్సు భారం కొంత తీరుతుంది. బస్సు దిగాక ఊళ్ళోకి, తండాలోకి పోయే దారి ఇప్పటికీ మాదే.

ఖర్చులెన్ని ఉన్నా విజయదశమికి మా స్టాండు చూడాలి. ముందు రోజు నుంచే కడుగుడు. చక్రాల రిమ్ములకు రంగు, హ్యాండిలుకు బంతిపూల దండలు, అద్దానికి పసుపు కుంకుమ. పూజ అయ్యాక మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. పిల్లలందరినీ ఊరి చుట్టూ ఒక తిప్పు తిప్పుతాం, చార్జీ లేకుండా.

ఇప్పుడు కొత్తగా కొనాలనుకునే తమ్ముళ్ళకు ఒక మాట. బ్యాటరీ ఆటోలు బాగా వస్తున్నాయి. బరువైన బ్యాటరీని సీటు కింద, నేలకు దగ్గరగా పెడతారు. బరువు కిందికి దిగింది కాబట్టి నిలకడ కొంత పెరుగుతుంది. చప్పుడు తక్కువ, వెనక సీటుకు వేడి తగలదు. కానీ అక్కడ కూడా ముందర చక్రం ఒక్కటే. యాక్సిలరేటరు తిప్పగానే సర్రున లేస్తుంది కాబట్టి మలుపులో చెయ్యి ఇంకా అదుపులో ఉండాలి.

ఏ బండి కొన్నా, షోరూము ముందర తిన్నటి రోడ్డు మీద మాత్రమే నడిపి చూసి డబ్బు కట్టకండి. దాన్ని బడి మైదానానికి తీసుకుపోండి. తెలిసిన డ్రైవరును పక్కన నిలబెట్టుకోండి. నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ వేగంతో, ఎనిమిది అంకె ఆకారంలో ఖాళీ బండిని చుట్టండి. తర్వాత వెనక ముగ్గురిని కూర్చోబెట్టి అదే అంకె చుట్టండి. ఖాళీ బండి ఎక్కడ తేలికైంది, నిండు బండి ఎక్కడ బరువుగా తిరిగింది, మీ చేతికి తెలియాలి. ఆ తేడా తెలిసేదాకా చుట్టండి. ఆ తర్వాతే రోడ్డెక్కండి.